మరియమ్మగారు మైక్రోస్కోపులో చూసిన నోరు

ఈ రోజు మధ్యాహ్నం కలిదిండి నుంచి మరియమ్మగారనే ఆవిడ ఏలూరులో నేను పాఠం చెప్పే కాలేజీ జువాలజీ ల్యాబుకి వచ్చారు. చేతిలో బకెట్టు, అందులో కొనప్రాణంతో రెండు చేపలు. చెరువులో మిగిలినవి అవేనట. భర్త పోయి నెలయిందని చెప్పారు.

మొప్ప ముక్క కొంచెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒంటి మీద సన్నని నూగున్న ఏకకణ జీవులు మొప్పని కొరుక్కు తింటున్నాయి. వాటి నోటి చుట్టూ సన్నటి పుల్లలు గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి. చూస్తానంటే ఆవిడకీ చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"మా ఆయన చేపలు పట్టడానికి అల్లే వెదురు మావులా ఉందండీ దీని నోరు," అన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఆయన పోయాక నేను చెరువు గట్టు ఎక్కలేదండీ. ముందే తెచ్చుంటే బతికేవాండీ?"

బతికేవి. మొదట్లోనే గుర్తిస్తే మందుతో తగ్గే జబ్బే అది.

"లేదమ్మా, మీరెప్పుడు తెచ్చినా ఇంతే," అన్నాను.

ఆవిడ తలూపి, కళ్లు తుడుచుకుని బస్టాండుకి వెళ్లిపోయారు.

పరీక్షలో ఎవరైనా ఆ జవాబు రాస్తే నేనే సున్నా వేసేవాణ్ణి. మీరైతే ఆవిడకి ఏం చెప్పేవారండీ?