ముందుకు రాని బిందెలు

రాజవ్వ గురించి చెప్పాలంటే ముందు మేముండే ఊరి మీద నాకున్న కోపం చెప్పాలి. రుద్రారం దాటి లోపలికి మూడు కిలోమీటర్లు పోతే వస్తుంది. చుట్టూ కంపెనీలు. ఏ బోరు వేసినా నీళ్ళు పసుపుపచ్చగా, మందుల వాసనతో వస్తాయి. ఆ నీళ్ళతో గిన్నెలు తోమితే చేతులు దురద పెడతాయి. నల్లా పైపులు వీధి వీధికీ ఉన్నాయి, తిప్పితే గాలి వస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే మాకు దిక్కు.

మాది భీమవరం వైపు. మా ఆయన ప్రవీణ్‌కుమార్‌కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకడంతో వచ్చి, పద్నాలుగేళ్ళుగా ఇక్కడే కిరాయికి ఉంటున్నాం. మా ఇంటికీ రాజవ్వ ఇంటికీ మధ్య ఒకటే గోడ.

రాజవ్వకు యాభై దాటాయి. రెండెకరాల వరి పొలం ఉండేది. బోరు నీళ్ళు పాడయ్యాక నాటిన నారు ఎర్రబడి చచ్చింది. మరుసటేడు మళ్ళీ వేస్తే మళ్ళీ చచ్చింది. ఆమె భర్త లింగం కంపెనీలో మూటలు మోసే పనికి కుదిరాడు. ఒంటినిండా ఏదో తెల్లపొడితో మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరతాడు. అప్పటికి రెండు బకెట్ల నీళ్ళు సిద్ధంగా ఉండాలి, లేకపోతే కొడతాడు. ట్యాంకర్ రాకపోతే ఆమె తప్పా అని ఒకసారి అడిగాను. మీకెందుకమ్మా అని లోపలికి పోయాడు. పొలాన్ని చంపిన కంపెనీ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే మనిషి, పెళ్ళాం మీద మాత్రం పులి. ఆ దెబ్బలు గోడకివతల వినపడితే నేను టీవీ శబ్దం పెంచేదాన్ని. సిగ్గుచేటే, అయినా పెంచేదాన్ని.

ట్యాంకర్ దగ్గర మా ఆడవాళ్ళకో కట్టుబాటు ఉంది. తెల్లవారగానే ఎవరి బిందె వాళ్ళు వరుసలో పెట్టేసి పనులు చూసుకోవచ్చు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే, దాన్ని ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకునేది ఒక్కడే, పైపు పట్టే మల్లేష్. ట్యాంకర్ వాడి మేనమామ పెద్దరాములుది. ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి కూడా ఆయనే. తనతో నవ్వి మాట్లాడిన వాళ్ళ బిందెను మల్లేష్ ముందుకు జరిపేవాడు, మొహం తిప్పుకున్న వాళ్ళ బిందెను కాలితో వెనక్కి నెట్టేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. రాజవ్వ నవ్వేది కాదు. అందుకే ఆమెకు తరచూ ట్యాంకర్ అడుగున మిగిలిన నీళ్ళే దక్కేవి, అదీ దక్కని రోజు ఇంట్లో తన్నులు.

మొన్నటి వేసవిలో ఒకరోజు మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన సృజన వంతు వచ్చింది. మల్లేష్ పైపు ఆపేసి, వెనకాల ఇంకో వాల్వ్ ఉంది, అక్కడ పట్టుకోమన్నాడు. ఆ పిల్ల నమ్మి వెళ్ళింది. వాడు ఆమె నోరు నొక్కి, ట్యాంకర్‌కేసి అదిమిపెట్టి జాకెట్టు చింపడం ట్యాంకర్ పక్కగా వరుసలో ఉన్న ఎనిమిది మందిమి చూశాం. రాజవ్వ పరిగెత్తుకెళ్ళి వాడి జుట్టు పట్టుకుని ఈడ్చింది. మిగతా ఏడుగురం నిలబడిపోయాం.

సృజన పోలీసు స్టేషన్‌కు వెళ్తానంది. చూశామని చెప్పేవాళ్ళుంటేనే వెంట వస్తామన్నారు ఆమె అత్తింటివాళ్ళు. సాయంత్రం పెద్దరాములు ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. పిల్ల కాలుజారి పడబోతే పట్టుకున్నానన్నాడు మల్లేష్. మేనల్లుడి తగువుకు మేనమామ తీర్పు! పెద్దరాములు గొంతు పెంచలేదు. మెల్లగా ఒక మాట చెప్పాడు.

"సూసినోళ్ళు ఎవరన్న ఉంటే, మీ బిందె తెచ్చి ఈడ ముందట పెట్టుండ్రి. రేపటి సంది ఆ బిందెల మా ట్యాంకర్ నీళ్ళు పడయి. గట్లయినా సూసినం అంటె, నేను గూడ నమ్ముత."

రాజవ్వ ఇంటికి పోయి తన ఇత్తడి బిందె తెచ్చి అతని ముందు పెట్టింది. "నేను సూసిన" అని దాని పక్కనే కూర్చుంది.

సృజన మా ఏడుగురి వైపు ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగింది. మనం బయటి నుంచి వచ్చినవాళ్ళం, మనకెందుకని మా ఆయన కళ్ళతోనే చెప్పాడు. ఆయన చెప్పకపోయినా నేను లేచేదాన్ని కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చుక్క నీళ్ళు లేకపోతే ఎలా అనే ఆలోచిస్తున్నాను.

ఒక్క బిందె సాక్ష్యం చెల్లదని పెద్దరాములు తేల్చేశాడు. మర్నాడే అత్తింటివాళ్ళు సృజనను పుట్టింట్లో దింపి వచ్చారు, మళ్ళీ తీసుకురాలేదు. రాజవ్వ పక్క ఊరి దాకా నడిచి నీళ్ళు మోసింది. మూడోరోజు ఆమె తిరిగొచ్చేసరికి లింగం అప్పటికే ఇంట్లో ఉన్నాడు. సాక్ష్యం ఎవరు చెప్పమన్నరే నిన్ను అంటూ రోకలి అందుకున్నాడు. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. టీవీ లేదు. అంతా విన్నాను. విని కూర్చున్నాను.

తర్వాతి ట్యాంకర్ వచ్చిన రోజు మల్లేష్‌తో ఎప్పటిలాగే నవ్వి, బిందె నిండా పట్టుకుని రాజవ్వ ఇంటికి తీసుకెళ్ళాను. కుడిచేతికి పిండికట్టుతో గడప మీద కూర్చుని ఉంది. బిందె ఆమె ముందు దించాను. ఏదో ఘనకార్యం చేసినట్టు నాకు లోలోపల కాస్త తృప్తిగా కూడా ఉంది.

ఆమె లేచి, ఎడమచేత్తో బిందెను వంచింది. నీళ్ళన్నీ మట్టిలోకి పోయేదాకా వంచే ఉంచింది. వీధిలో ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఖాళీ బిందె నా చేతిలో పెట్టింది.

"ఆ నాడు తేవాల్సిన బిందెను ఇయ్యాల తెచ్చినవా, బిడ్డా?"