మూతపాట

మా బావ సైన్యంలో పనిచేశాడంటే ఎవరూ నమ్మేవారు కాదు. మనిషి కూడా అలాగే ఉండేవాడు. పొట్ట ముందుకి, బుగ్గలు పక్కలకి. మాట్లాడితే పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. తుపాకీ పట్టింది శిక్షణలో మాత్రమే, అదీ పక్కవాడి కాలి మీద పడేశాడట. ఆయన సైనిక బ్యాండులో పెద్ద బాకా ఊదేవాడు. నడుం చుట్టూ తిరిగి తల మీదుగా నోరు తెరుచుకునే ఇత్తడి బాకా అది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. సాధనంతా స్నానాల గదిలో, బాకాకి తడి తువ్వాలు కుక్కి. అయినా కింది అంతస్తు ముసలాయన చీపురు కర్రతో కప్పు మీద పొడుస్తూనే ఉండేవాడు.

దేశాన్ని ఏలే ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. అసలు పేరు పలకడానికి నోరు రాదు ఎవరికీ. వీధి చివర నాది పటాలు కట్టే దుకాణం. ప్రతి ఆఫీసులో, ప్రతి అంగట్లో పెద్దాయన పటం ఉండాలి కాబట్టి నాకు పనికి లోటు లేదు. ఆయన పటాలకి నేను అద్దం బిగిస్తే, ఆయన నడిచే దారిలో మా బావ బాకా ఊదేవాడు. మా ఇంటిల్లిపాదీ ఆయన నీడలోనే బతికామన్నమాట.

బ్యాండుకి ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన కారు తలుపు తెరుచుకోగానే పాట మొదలవ్వాలి. జనంలోంచి ఎవరైనా "అయ్యా, మా వీధికి నీళ్ళు రావట్లేదు" అనో, "మా ఆయన్ని పట్టుకుపోయారు" అనో గొంతెత్తితే, బ్యాండు మేస్త్రీ ఎడమ పిడికిలి పైకి లేపుతాడు. పిడికిలి లేచిందంటే వాయించేది ఎక్కడికక్కడ వదిలేసి అందరూ ఒక్కసారిగా ఒక గోల పాట అందుకోవాలి. దానికి రాగం లేదు, చప్పుడే. కాగితాల మీద దాని పేరు స్వాగత గీతం. బ్యాండువాళ్ళు మాత్రం మూతపాట అనేవారు. ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టినట్టు అది జనం నోళ్ళ మీద పడేది.

బావ అన్నం తింటూ ఈ కబుర్లన్నీ చెప్పేవాడు.

"ఇవాళ ఒకావిడ గట్టిగానే అరిచిందిరా బామ్మర్దీ. ఏమందో ఏంటో. నోరు ఆడటం కనపడింది గానీ మాట వినపడలేదు."

నేనూ మేనల్లుడూ పడీ పడీ నవ్వేవాళ్ళం. అక్క మాత్రం "పాపం, ఎవరి తల్లో" అని పళ్ళేలు తీసేది.

ఇన్నేళ్ళూ చెవుల్లో పాట తప్ప మాట పడని పెద్దాయనకి లోకం ఎలా కనపడుతుంది? పూలతోటలా కనపడుతుంది. పైగా చుట్టూ ఉన్నవాళ్ళు, ఏం చెబితే ఆయన మొహం వెలుగుతుందో అదే చెప్పే రకం. పొరుగు దేశం వాళ్ళు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుని కొట్టుకుంటున్నారని చెప్పారు. అది నిజమే. మన సైన్యం గడప దాటితే చాలు ఎదురొచ్చి పూలు చల్లుతారని చెప్పారు. అది వాళ్ళ తలకాయ. అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు కదా అని పక్కింటివాడు లోపలికొచ్చి మంచం ఎక్కితే ఊరుకుంటారా అని అడిగినవాడు లేడు. అడిగేవాళ్ళు అప్పటికే జైల్లో ఉన్నారు.

అలా పొరుగు దేశం మీదికి సైన్యం కదిలింది. పని వారంలో తేలిపోతుందన్నారు. బ్యాండు ముందు వరసలోనే వెళ్ళాలని ఉత్తర్వు. వాళ్ళ రాజధానిలో, సభాభవనం మెట్ల మీద విజయగీతం వాయించాలిగా మరి! కోట్లకి కొత్త గుండీలు కుట్టించారు, తెల్ల చేతితొడుగులు ఇచ్చారు. డీజిల్ లారీలు వెనకుండి, బాకాల బస్సు ముందుండి యుద్ధానికి వెళ్ళిన సైన్యం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మేనల్లుడికి అప్పుడే సైన్యంలో నిర్బంధ కొలువు పడింది. లారీ డ్రైవరు. వాణ్ణి ఎక్కడికి తోస్తారోనని అక్క నిద్ర మానేసింది. బావ, జన్మలో ఎవరినీ ఏమీ అడగని మనిషి, బ్యాండు మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. బ్యాండు సామాను మోసే లారీ మీద వాణ్ణి వేయించాడు.

"బస్సు వెనకాలే వస్తాడు. మొత్తం సైన్యంలో బ్యాండు వెనకున్నంత క్షేమం ఇంకెక్కడా లేదు. మా మీద ఎవడు కాలుస్తాడే?" అన్నాడు అక్కతో.

అక్క నెత్తిన పాలు పోసినట్టయింది. నాకూ అది తెలివైన పనే అనిపించింది. పెద్దాయన లెక్క ఎంత తప్పో మా బావ లెక్కా అంతే తప్పు. కాకపోతే ఆయన లెక్క తప్పితే ఊళ్ళు పోయాయి, మా లెక్క తప్పితే ఒక్క పిల్లాడు పోయాడు.

సరిహద్దు దాటాక పూలూ లేవు, మనుషులూ లేరు. తలుపులు మూసి ఉన్నాయి. ఒక చిన్న పట్నం చివర నది, నది మీద వంతెన. వంతెన దగ్గర మాత్రం కొందరు గుమిగూడి ఉన్నారు. మేస్త్రీ బస్సు పైకప్పు మీద అందరినీ ఎక్కించి వాయించమన్నాడు. ఇంతలో వంతెన వైపు నుంచి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా బురద, నెత్తిన టోపీ లేదు, రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. వాడు ముందే వెళ్ళి దారి చూసొచ్చిన మనవాడే. వంతెన కింద పేలుడు మందు పెట్టారు, ఆగండి అన్నది వాడి కేకని తర్వాత తెలిసింది. మేస్త్రీకి అదేమీ కనపడలేదు. గుంపు దగ్గర ఎవడో గొంతెత్తాడు, అంతే కనపడింది. ఎడమ పిడికిలి లేచింది.

అందరూ మూతపాట అందుకున్నారు. బావ కూడా గుండెల నిండా ఊపిరి తీసుకుని ఊదాడు. బస్సు వంతెన దాటింది. వెనక వచ్చే లారీ కోసం కాచుకున్నట్టు అప్పుడు పేలింది. లారీ వంతెనతో సహా నదిలోకి వెళ్ళిపోయింది.

అవతలి ఒడ్డున పొరుగు దేశం సైనికులు బ్యాండు మొత్తాన్నీ చేతులెత్తించి పట్టుకున్నారు. ఖైదీల మార్పిడిలో తిరిగొచ్చేదాకా బావ వాళ్ళ దగ్గరే ఉన్నాడు. అక్కడ కాపలాకి ఇద్దరు ఉండేవారట. ఒకరి పార్టీ అంటే ఒకరికి పడదు, పొలం గట్టు కోసం కోర్టుకెక్కిన దాయాదులు.

"మీ పెద్దాయన పుణ్యమా అని ఒకే పళ్ళెంలో తింటున్నాం. మా వల్ల కానిది ఆయన చేసిపెట్టాడు" అన్నాడట అందులో ఒకడు.

మన సైన్యం వెళ్ళినదానికన్నా వేగంగా తిరిగొచ్చింది. వాళ్ళు తరుముతూ వచ్చి, తాతల కాలం నుంచీ మనదైన సరిహద్దు జిల్లాని కూడా పట్టుకుపోయారు. అంతదాకా గోడ మీద కూర్చున్న చుట్టుపక్కల దేశాలన్నీ వాళ్ళ పక్షాన చేరాయి. రేడియో మాత్రం గెలిచామంది. గెలిచినప్పుడు వంతెన పేలదు కదా! పేలని వంతెన మీద ఎవరూ చావరు కదా! కాబట్టి మా మేనల్లుడు చావలేదు. సైన్యం లెక్కలో వాడు విధుల్లోంచి పారిపోయాడు.

ఇంటికొచ్చిన రోజే బావ అక్కకి అంతా చెప్పాడు, ఊదానని కూడా చెప్పాడు. అక్క ఏడవలేదు, తిట్టలేదు. ఆ పూట నుంచి కొడుకు పారిపోలేదని ఒప్పించడమే ఆవిడ బతుకైపోయింది. ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. నేను తోడు వెళ్ళేవాణ్ణి. గుమాస్తాలు ఆవిణ్ణి పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవారు. వాళ్ళని అనుకోవడం ఎందుకు? కొడుకు బతికున్నాడని ఎవరైనా చెబితే బాగుండునని తల్లులు ఏడుస్తారు. మా అక్క, చచ్చిపోయాడని చెప్పండి బాబూ అని బతిమాలేది.

విజయోత్సవమని పెట్టారు పెద్ద మైదానంలో. పెద్దాయన వస్తున్నాడు, బ్యాండుకి పిలుపొచ్చింది. ఆ ఉదయం బావ బాకా తుడుచుకుంటుంటే అక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇవాళ ఆయన్నే అడుగుతాను. మీరు వాయించకండి."

బావ తుడవడం ఆపాడు. గుడ్డ మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేనూ అక్కా కంచె దగ్గర నిలబడ్డాం. పెద్దాయన కారు దిగి మెల్లగా నడుస్తూ మా ముందుకి వచ్చేసరికి అక్క గొంతు లేచింది.

"అయ్యా! నా కొడుకు పారిపోలేదయ్యా!"

మేస్త్రీ పిడికిలి లేచింది, మూతపాట మొదలైంది. బావ బాకా భుజం మీంచి దించి నేల మీద పెట్టేశాడు. అడుగున మోగే ఆ బాకా ఆగేసరికి మిగతావాళ్ళకి ఊనిక పోయింది. పాట కుంటింది, డప్పు తడబడింది. ఒకడు ఆపాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. మైదానమంతా నిశ్శబ్దం అయిపోయింది.

"నా కొడుకు వంతెన మీద చచ్చిపోయాడయ్యా! చచ్చిపోయాడని ఒక్క మాట చెప్పండి!"

ఆ మాట మైదానం అవతలి కొసకి కూడా వినపడింది. పెద్దాయన తల తిప్పాడు. సూటిగా అక్క కళ్ళలోకి చూశాడు. చూసి, నా దుకాణంలో పటాల్లో ఉన్న నవ్వే నవ్వి, చెయ్యి ఊపాడు. పక్కనున్న అధికారి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఆయన ముందుకి నడిచాడు.

అక్కని తోసేశారు గానీ పట్టుకోలేదు. బావని మాత్రం అక్కడికక్కడే ఈడ్చుకెళ్ళారు.

చాలా రోజులకి జైల్లో కలవనిచ్చారు. ఇనుప జాలీ అవతల బావ సగమయ్యాడు, బుగ్గలు లోపలికి పోయాయి. అక్కని చూడగానే ఒక్కటే అడిగాడు.

"ఆయనకి వినపడిందా?"

ఏదో ఒకటి చెప్పి ఆయన మనసు కుదుటపరచవే అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. అక్క అబద్ధం ఆడలేదు.

"వినపడింది. నావైపు చూసి నవ్వి చెయ్యి ఊపాడు."

బావ రెండు చేతులతో జాలీ పట్టుకున్నాడు.

"అయితే ఇన్నేళ్ళూ ఆయనకి వినపడకుండా చేసింది మేం కాదన్నమాట" అన్నాడు.

"ఆయనకి కాదండీ" అంది అక్క. "మన పిల్లాడికి వినపడకుండా చేశారు."