వెనక్కి వెళ్ళిన బస్సు

ఉదయగిరిలో మా మేడ మీది గది కిటికీలోంచి చూస్తే కొండ అంచున మబ్బు ఆగి కనిపిస్తుంది. ఆ కిటికీ దగ్గర కూర్చునే నేను బస్సుల ఆచూకీ చెప్పే ఒక చిన్న కంపెనీకి పనిచేస్తున్నాను. ప్రతి బస్సూ కొన్ని క్షణాలకోసారి తానెక్కడుందో కబురు పంపుతుంది. ఆ కబుర్లు రావడం ఆగదు. ఒక్క ప్రోగ్రామ్ అన్నింటినీ చదవలేదు కనుక, అదే ప్రోగ్రామ్‌ను నాలుగు కంప్యూటర్లలో నడిపి పని పంచేవాళ్ళం.

బస్సులు పెరిగి, ప్రయాణికుల ఫోన్లలో మ్యాపు మీద బస్సుల చుక్కలు ఆలస్యంగా కదులుతుంటే, ఒక సాయంత్రం నాలుగును ఎనిమిది చేశాను. ఏ కబురు వచ్చినా ఖాళీగా ఉన్న కంప్యూటరుకు అందేలా మార్చాను. పేరుకున్నదంతా నిమిషాల్లో కరిగిపోయింది. ఆ సంతోషంలో చాలాసేపు కొండను చూస్తూ ఊరికే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున, టైలరుకిచ్చిన జాకెట్లు తెచ్చుకుందామని ఆత్మకూరు బయల్దేరి బస్టాండులో కూర్చున్నాను. పక్కన రిటైరైన టీచరమ్మ ఒకామె. చెల్లెలింట్లో ప్రార్థన ఉందని ఆమె కూడా ఆత్మకూరే వెళుతోంది. సీతారామపురం నుంచి రావలసిన బస్సు కోసం ఫోను చూస్తూ ఉన్నట్టుండి నా చేయి తట్టింది.

"ఇదేందమ్మా, బస్సు వస్తా వస్తా మళ్ళా ఎనక్కి పోతా ఉండాది?"

చూశాను. చిన్న నీలం చుక్క మలుపు దాకా వచ్చింది, ఆగింది, మళ్ళీ కొండల్లోకి జారిపోయింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి పోయింది. లేత ఎండలో దాన్ని చూస్తుంటే ఎంత బాగుందంటే, అది తప్పని నాకు వెంటనే తోచలేదు.

"ఎవరినో మర్చిపోయినాడేమో డ్రైవరు," అందామె.

అప్పుడు వెలిగింది నాకు. ఒకే బస్సు కబుర్లను ఎనిమిదింటికీ చెదరగొట్టింది నేనే. ఒకచోట ముందటి కబురు ఇంకా చదవకముందే, ఇంకోచోట తర్వాతది చదవడం అయిపోతోంది. ఆలస్యంగా చదివిన పాత కబురు చుక్కను మళ్ళీ వెనక్కి లాగుతోంది.

"తప్పు నాదే టీచరమ్మా. నిన్న నేనే మార్చినాను," అని జరిగింది చెప్పాను.

"అయితే పనంతా ఒకదానికే ఇయ్యరాదా?"

"అప్పుడు బస్సులన్నీ ఆలస్యమైపోతాయి. ఈ బస్సు కబుర్లన్నీ ఒకదానికే పోవాల. సంగం బస్సువి ఇంకోదానికి పోయినా పర్లేదు. ఏ బస్సుకా బస్సుకు వరస తప్పకుండా ఉంటే చాలు."

"ఈ మాట నిన్ననే తోచలేదా నీకు?" అని నవ్వింది.

ఇంతలో అసలు బస్సే దుమ్ము రేపుకుంటూ వచ్చి నిలబడింది.

"రామ్మా, ఎక్కు."

"మీరు పొండి. ఇది సరిచేసి వస్తాను."

బెంచీ మీదే సంచిలోని లాప్‌టాప్ తీసి తెరిచి, ఫోను నెట్టుతో, బస్సు నంబరును బట్టే ఏ కబురు ఎటు పోవాలో తేలేలా మార్చాను. కాసేపటికి చుక్కల తడబాటు ఆగింది. నా తర్వాతి బస్సుకు ఇంకా రెండు గంటలుంది. అయినా విసుగనిపించలేదు. జలదంకి వైపు ఒక చుక్క, సంగం కాలవ గట్టున ఒకటి, ఒకదానికోసం ఒకటి ఆగకుండా ఒకేసారి సాగిపోతున్నాయి. ఆత్మకూరు దారిలోని చుక్కలో టీచరమ్మ కిటికీ ఊచకు తల ఆనించి కునుకు తీస్తోందేమో అనుకున్నాను. టీ కొట్టాయన గ్లాసు పట్టుకొచ్చి రెండుసార్లు పిలిచాక గానీ తలెత్తలేదు.