అగ్గిపెట్టెంత లేబుల్‌లో అమ్మమ్మ

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఎవరిదో శుభలేఖ తెరిచి, పెళ్లికూతురి బొమ్మని రెండు వేళ్లతో సాగదీసి ముక్కుపుడకని కొబ్బరిబొండాం అంత చేసి, మళ్లీ ఆవగింజంతకి దించి చూపిస్తుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు గానీ, నేను మజ్జిగ గ్లాసు వెనక మొహం దాచుకున్నాను. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి, దండం పెట్టుకుని వెళ్లిన తరం మనది కాబట్టి మీతో చెప్పుకోవచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పలాసలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. మా కంప్యూటర్ ఎంత చురుకైనదంటే, బొమ్మ తెరిచి, బయటికెళ్లి టీ తాగి, టెక్కలి బస్సెక్కే వాళ్లందరినీ పేరుపేరునా సాగనంపి వచ్చేసరికి సగం బొమ్మ తెర మీద దిగి ఉండేది. అయినా బ్రహ్మదేవుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడన్నంత ధీమా నాది.

కంచిలి దగ్గర ఉద్దానంలో ఉండే మా మావ అప్పుడే సొంతంగా జీడిపప్పు ప్యాకెట్లు మొదలుపెడుతూ, వాటి మీద వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ, బొమ్మ ఉండాలని పట్టుబట్టాడు. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టి, సొన అంటి వేళ్లు నల్లబడిపోయిన మనిషావిడ. పెళ్లిళ్లలో గంధం రాయించుకోడానికి కూడా చెయ్యి చాచేది కాదు. బొమ్మ సంగతి చెబితే కాసేపు సిగ్గుపడి, "సేతులెలాగూ సూపించలేను, మొగమైనా నలుగురూ సూత్తారు, ఎయ్యరా" అంది.

ఫొటోని స్కాన్ చేసి గీతల బొమ్మగా మార్చాను. గీతల బొమ్మని ఎంత పెంచినా అంచు చెదరదు; అదే నా కొంప ముంచింది. ఆవిడ మొహాన్ని తెర నిండా పరిచి, ఒక్కో ముడతనీ వంశధార పాయలా గీసి, దారినపోయే వాళ్లని కూడా లోపలికి పిలిచి చూపించాను. కాగితం మీద తీసి చూసుకునే అలవాటు మాకెవరికీ లేదు, తెర మీద నచ్చితే అచ్చుకి వెళ్లిపోవడమే. మావ వచ్చి చూసి, "ఒరే, అమ్మొచ్చి కూకున్నట్టుందిరా" అని కళ్లు తుడుచుకున్నాడు. బొమ్మని అగ్గిపెట్టెంత లేబుల్‌లోకి కుదించి, ఫ్లాపీలో వేసి బరంపురం ప్రెస్సుకి పంపాను. కుదించేటప్పుడు గీతల మందం కూడా తగ్గాలంటే ఒక గడిలో టిక్కు పెట్టాలి. అలాంటి గడి ఉందని ఈ బ్రహ్మకి తెలియదు.

లేబుళ్ల కట్ట మావ షెడ్డులో, పిక్కలు కొడుతున్న ఆడవాళ్లందరి మధ్య విప్పాం. బొమ్మ తగ్గింది గానీ గీతలు తగ్గలేదు. పెదవి పైనున్న ముడతలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, పాతకాలపు దొరలు కూడా కుళ్లుకునేంత మీసం తయారైంది.

"ఓలమ్మ, ఈ బాబెవులే?" అంది ఒకామె.

"నోర్ముయ్యే," అన్నాడు మావ.

అమ్మమ్మ లేబుల్‌ని కళ్ల దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "మీ తాతకే లేవురా ఇన్నేసి మీసాలు" అని తనే నవ్వేసింది. షెడ్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇన్నేళ్లుగా ఆ మీసం నాకు బరువనిపించలేదు గానీ, నా నవ్వు బరువనిపిస్తుంది.

ఆ గడి సంగతి తెలుసుకుని, బొమ్మని చక్కగా దిద్ది, ఈసారి కాగితం మీదే తీసుకుని ఉద్దానం వెళ్లాను. ఆవిడ చేతిలోకి తీసుకోలేదు. "వద్దులే నాన్నా, జీడిపండు బొమ్మెయ్యి, బాగుంటాది" అంది. పండు బొమ్మే వేశాం.

ఇప్పుడు గీతల సంగతి యంత్రాలే చూసుకుంటున్నాయి. మొహం బాగా రాకపోతే చెరిపేసి మరొకటి తీసుకుంటున్నారు. మా కాలంలో కొందరికి మొహం అచ్చులో చూసుకునే యోగం ఒక్కసారే వచ్చేది. నోరారా, షెడ్డు రేకులు అదిరేలా నవ్వే మా అమ్మమ్మ, ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా చీర కొంగు పెదవి మీదికి లాక్కునే నవ్వింది.