రొంటిన దోపుకున్న గుండు

1967. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే ఇసకదిబ్బల మధ్య ఒక ఫ్యాక్టరీ కడుతున్నారు. అక్కడ పైపుల అతుకులకు ఫోటోలు తీయడం నా పని. నవ్వకండి, నిజంగా ఫోటోలే. ఆసుపత్రిలో ఎముకకు ఎక్స్‌రే తీసినట్టు మేం ఇనుముకు తీస్తాం. వెల్డింగు లోపల బొక్క ఉంటే ఫిల్ముమీద కనబడుతుంది. దీన్నే రేడియోగ్రఫీ అంటారు.

మా కెమెరా అంటే ఒక బరువైన సీసం పెట్టె. దాని లోపల చిటికెన వేలంత స్టీలు తీగముక్క, దాని కొసన ఇరిడియం నింపిన చిన్న గొట్టం ఉంటాయి. మేం దాన్ని సోర్స్ అంటాం. హ్యాండిల్ తిప్పితే పొడుగాటి కేబులు సోర్సును పైపు దగ్గరికి తోస్తుంది, వెనక్కి తిప్పితే మళ్లీ పెట్టెలోకి లాగుతుంది. దాన్నించి వచ్చే రేడియేషన్‌కు వాసన లేదు, వేడి లేదు, కంటికి ఆనదు. అయినా మనిషి కండను లోపలికంటా కాల్చేస్తుంది.

కూలీలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. "భయపెడితే పనికి రారయ్యా. తాడు కట్టి, దూరంగా ఉండమను, చాలు" అన్నాడు సైటు ఇంజనీరు. నేనూ సరేనన్నాను. అదీ నా తెలివి!

ఒకరోజు పొద్దున్నే, కూలీలు రాకముందే రెండు అతుకులకు ఫోటోలు తీసి, హ్యాండిల్ వెనక్కి తిప్పినాను. సోర్స్ పెట్టెలోకి వచ్చిందో లేదో మీటరు పెట్టి చూసుకోవాలి. రేడియేషన్ ఉంటే దాని ముల్లు లేస్తుంది. ఉప్పుగాలికి మీటరు బ్యాటరీ పాడై కూర్చుంది. హ్యాండిల్ పూర్తిగా తిరిగింది గదా అనుకుని, చూడకుండానే పెట్టెకు తాళం వేసి, ఇంకో చోటికి మోయించి మరో నాలుగు ఫోటోలు తీసినాను. సాయంత్రం ఫిల్ములు కడిగితే మొదటి రెండూ బాగున్నాయి. తర్వాతి నాలుగూ ఒట్టివి, ఏమీ పడలేదు. సోర్స్ కేబులు నించి ఊడి, మొదటిచోటనే ఇసకలో పడిపోయిందన్నమాట.

పరిగెత్తి చూస్తే అక్కడ లేదు.

ఇంజనీరుకు చెప్పినాను. ఆయన పని ముగిసే వేళకు కూలీలందర్నీ గేటు దగ్గర నిలబెట్టి, మైకు పట్టుకుని అరిచినాడు. "కంపెనీ సామాను ఒకటి పోయింది. తీసినవాడు మర్యాదగా ఇచ్చేయండి. లేదంటే పోలీసులకు అప్పగిస్తా." నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. కారేజీలు, తుండుగుడ్డలు, బుట్టలు అన్నీ వెతికించినారు. రొంటి మాత్రం ఎవరూ తడమలేదు. పరంజా కట్టే పోలయ్య నా ముందునించే, "వస్తానన్నా" అని చెప్పి మరీ పోయినాడు.

పోలయ్యది పక్కనున్న పాళెం. చేపలు పట్టేవాడు, సముద్రం ఊరుకోని నెలల్లో మా దగ్గర పనికి వచ్చేవాడు. విసురువల అంచుకు బరువు కోసం సీసపు గుండ్లు కడతారు. ఒక్క గుండు ఊడినా ఆ సందులోనించే చేప జారుకుంటుంది. అందుకే పాళెం మనిషికి నేలమీద ఏ చిన్న లోహపు ముక్క కనబడినా వంగి తీసుకోకుండా ఉండలేడు. ఈ సంగతి నాకు ఆ తర్వాతగానీ తెలియలేదు.

మరుసటి రోజు నెల్లూరునించి బ్యాటరీ వచ్చింది. సైటంతా గాలించినా ముల్లు కదల్లేదు. మూడోరోజు పోలయ్య పనికి రాలేదు. ఏమని అడిగితే, "వాంతులంట సార్" అన్నాడు వాళ్ల మేస్త్రీ. మీటరు, సీసం డబ్బా పట్టుకుని పాళెం వైపు ఉరికినాను.

పాళెంలో అడుగుపెట్టేసరికే ముల్లు లేచింది. పోలయ్య గుడిసె ఇంకా దూరం ఉండగానే ఆ కొసకు కొట్టుకుంది. గుడిసె బయట గుంజలమీద వల ఆరేసి ఉంది. నల్లబడ్డ గుండ్ల మధ్య ఒకటి తెల్లగా మెరుస్తోంది. జనాన్ని కేకలేసి తరిమి, పొడుగాటి గడకు పటకారు కట్టి, దాన్ని వలనించి లాగి సీసం డబ్బాలో వేసినాను.

"ఎక్కడ పెట్టుకున్నావు పోలయ్యా? ఎంతసేపు?"

చొక్కా ఎత్తి చూపించినాడు. కుడివైపు నడుం కింద అరచేతంత మేర ఎర్రగా కమిలి ఉంది.

"ఈడనే, రొంటినన్నా. మధ్యాన్నం అన్నాలప్పుడు దొరికింది. ఇచ్చేద్దామనే అనుకున్నా. పోలీసులన్నారు గదా, నోరు పెగల్లేదు. ఇంటికొచ్చినాక కూడా ఎవరన్నా చూస్తారేమోనని చీకటిపడేదాకా తియ్యలా." కమిలినచోటు చూసుకుంటూ, "నిప్పు కాదే, మరెట్టా కమిలిందన్నా?" అన్నాడు.

వల బయట ఉండబట్టి ఇంట్లోవాళ్లు బయటపడ్డారు. పోలయ్య బయటపడలేదు. ఎరుపు బొబ్బలైంది, బొబ్బలు పుండైనాయి, పుండు నల్లబడింది. మద్రాసు తీసుకుపోయినాము. కుళ్లిన కండ కోసి, వేరేచోటినించి చర్మం తెచ్చి అతికిస్తే అతకలేదు. చివరికి తొడ మొదలుదాకా కాలు తీసేసినారు.

ఆ వార్డులో, "తప్పు నాదే పోలయ్యా" అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దొంగెవరో చెప్పమన్నారే గానీ, అది కాలుస్తదని ఒక్కమాట చెప్పలేదేందన్నా? చెప్పుంటే ఆడనే పారేసి ఉరికేవాణ్ణి గదా."

వానలు మొదలయ్యేలోపే పోలయ్య పోయినాడు. ఇంజనీరు మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా మీద అంతకంటే ఎక్కువ మండుతుంది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి సైటులోనూ మొదటిరోజు కూలీలందర్నీ కూచోబెట్టి, ఇరిడియం లేని ఉత్త తీగముక్కను చేత్తో పట్టుకుని చూపించేవాణ్ణి. ఇట్లాంటిది కనబడితే ముట్టుకోవద్దు, దూరంగా ఉరికి కేకెయ్యండి, పొరపాటున తీసినా వెంటనే చెప్పండి, మిమ్మల్ని ఎవరూ ఒక్కమాట అనరు, అననివ్వను అని చెప్పేవాణ్ణి. కొందరు ఇంజనీర్లు మొహం చిట్లించేవాళ్లు. చిట్లించుకోనీ. సముద్రం పక్కన సైటైతే, మీలో వల వేసేవాళ్లెవరని ముందే అడిగేవాణ్ణి. చేతులెత్తినవాళ్ల దగ్గరికి నేనే పోయి, ఒక్కొక్కరికీ ఆ ముక్కను కళ్లముందు పెట్టి చూపించి చెప్పేవాణ్ణి, "ఇది గుండు కాదు నాయనా" అని.