స్టెప్నీ ఎక్కడుంది?

పద్మశ్రీకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చి ఎనిమిదేళ్లు. అందులో ఆమె కారు నడిపింది పదకొండు రోజులు. పన్నెండో రోజు శివరాత్రి. కీసర గుట్ట ఎక్కుతుంటే సగం దారిలో బండి ఆగి వెనక్కి జారింది. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. పక్కనున్న భర్త రామకృష్ణ దిగి చుట్టూ తిరిగి వచ్చి, "జరుగు, నేను నడుపుత" అన్నాడు. ఆమె జరిగింది. అలా జరిగిన మనిషి ఎనిమిదేళ్లు పక్క సీట్లోనే ఉండిపోయింది. రామకృష్ణను తిట్టడానికేం లేదు, మంచివాడే. మంచివాళ్లతోనే తంటా. మన చేతిలో పని లాక్కుని మరీ సాయం చేస్తారు.

పద్మశ్రీ నాచారంలో కాపురముంటూ ఉప్పల్ దగ్గర ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. 2012లో అక్కడ కొత్త యంత్రం కొంటూ, దాన్ని నడపడం నేర్చుకు రమ్మని ఆమెను రెండు వారాలు స్కాట్లాండ్ పంపుతామన్నారు. రామకృష్ణ కూడా సెలవు పెట్టి తోడు వస్తానన్నాడు. మధ్యలో ఒక ఆదివారం ఖాళీ. యంత్రం అమ్మడానికి వచ్చిన అక్కడి ఇంజనీరు ఫోటోలు చూపించాడు. కొండల నడుమ పెద్ద చెరువు, ఒడ్డునే మెలికలు తిరిగే రోడ్డు, రోడ్డుకు అడ్డంగా గొర్రెలు. అద్దె కారులో పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చన్నాడు. తామూ మీలాగే ఎడమవైపే నడుపుతామన్నాడు. ఆ చివరి మాట పద్మశ్రీ గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చి చెబితే రామకృష్ణ ఎగిరి గంతేశాడు. "మస్తుంటది పద్మా! నేను నడుపుత, నువ్వు ఫోటోలు దియ్యి."

"నేను నడుపుత."

"కీసర గుట్టే ఎక్కకపోతివి, ఆడ కొండలెక్కుతవా?" అని నవ్వాడు.

ఆమె నోటుబుక్కు తీసింది. వాళ్ల మైళ్లను కిలోమీటర్లు చేసి, వాటిని తనకు తెలిసిన దూరాల్లోకి మార్చుకుంది. చెరువు దాకా ఉప్పల్ నుంచి భువనగిరి అంత. అక్కడి నుంచి భోజనం చేసే ఊరు ఘట్‌కేసర్ అంత. ఇక మిగిలింది కారు. డ్రైవింగ్ నేర్పిన ఉప్పల్ హన్మయ్య, దూరం పోయేటప్పుడు ముందుగా అడగాల్సింది ఒకటే అని చెప్పి ఉన్నాడు. అదే ఆమె అద్దె కార్ల వాళ్లకు ఇంగ్లీషులో మెయిల్ రాసింది: స్టెప్నీ డిక్కీలో ఉంటుందా?

మర్నాడు వచ్చిన జవాబు రామకృష్ణ పైకి చదివాడు. "అమ్మా, స్టెప్నీ లండన్‌లో ఒక పేట. ఇక్కడికి నాలుగు వందల మైళ్లు. ఒక్క రోజులో వెళ్లిరావడం కష్టం. ఇక డిక్కీ అంటారా, మా ఇంగ్లీషులో దానికి పాడైపోయినదని అర్థం. మా కార్లలో అలాంటివి ఒక్కటీ లేవు."

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి బంధువులందరికీ ఫోన్లు వెళ్లాయి. పద్మశ్రీకి ఏడుపొచ్చింది. పక్క సీటే నయమని ఒక గడియ అనుకుంది కూడా. ఆ మాట మనసులో వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పొద్దున్నే హన్మయ్య దగ్గరికి వెళ్లింది. "అన్నా, స్టెప్నీ అంటే వాళ్లకు తెల్వదట!"

"తెల్వకుంటే మానె. నీకు మార్చనీకొస్తదా?"

"రాదు."

"మరి పేరుతోని ఏం పని? జాకీ పట్టు."

ఆ రోజు చక్రం విప్పి బిగించేసరికి చీర కొంగంతా గ్రీజు. తర్వాత నాలుగు ఆదివారాలు కీసర గుట్టే. "హ్యాండ్‌బ్రేకు గుంజు. క్లచ్చు మెల్లగ ఇడువు. బండి వణికినంక బ్రేకు ఇడువు. ఫికర్ జెయ్యకు," అనేవాడు హన్మయ్య. మూడు ఆదివారాలు బండి ఆగింది, జారింది, తిట్లు తిన్నది. నాలుగోసారి ఆగకుండా పైకెక్కింది. చూస్తే పక్క సీట్లో హన్మయ్య కునుకు తీస్తున్నాడు. లైసెన్సు చేతికొచ్చిన రోజు కూడా పద్మశ్రీ అంత సంతోషపడలేదు.

ఇంటికొచ్చి గుట్ట మీది గుడిలో కొట్టిన కొబ్బరి ముక్క భర్త చేతిలో పెట్టింది. అతను కంప్యూటర్ ముందు కూర్చుని కారు ఫారం నింపుతున్నాడు. డ్రైవరు పేరు దగ్గర అప్పటికే 'రామకృష్ణ' అని ఉంది.

"ఎవరు దీస్కపోయిన్రు నిన్ను?"

"నేనే నడుపుకుంట పోయిన. జరుగుండ్రి, నేను నింపుత."

అతను ముక్క నోట్లో పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. జరిగాడు. ఆమె అతని పేరు చెరిపి తన పేరు కొట్టింది. కింద రెండో డ్రైవరు గడి ఖాళీగా వదిలేసి పంపించింది.

"మరి నేనేంది పద్మా?"

"మీరా? స్టెప్నీ," అంది పద్మశ్రీ. "డిక్కీల కాదు లెండి, పక్క సీట్ల కూసోండి."