కెప్టెన్ చావు మీద వచ్చిన కార్డులు

1991 జూలై మొదటి ఆదివారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు మొదలైంది. టీవీలో గంటసేపు హిందీ సీరియల్. ఒక ఓడ, దాన్ని నడిపే కెప్టెన్, చుక్కల మధ్య ప్రయాణం. మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం. అక్క జగిత్యాలలో, చెల్లె సిరిసిల్లలో, నడిపిదాన్ని నేను కోరుట్లలో ఉండేవాళ్లం. ముగ్గురికీ ఆ సీరియల్ పిచ్చి పట్టింది. ఒక్కరికీ పూర్తిగా కనబడేది కాదు.

కోరుట్లలో పదకొండుంబావుకు కరెంటు పోయేది. సిరిసిల్లలో అప్పుడే వచ్చేది. అక్క టీవీలో బొమ్మ ఉండేది, మాట ఉండేది కాదు. అందుకని సోమవారం ముగ్గురం కార్డులు రాసుకునేవాళ్లం. చూసింది చూసినట్టు రాస్తే గొడవే లేదు. వీళ్లిద్దరూ చూడనిది కూడా రాసేవాళ్లు. ఓడలోని డాక్టరమ్మ మనిషి కాదు, యంత్రం అని అక్క రాసింది. ఆమె రెప్ప కొట్టదట. ముందు యాంటెన్నా సరిచేయించుకో, అప్పుడు కొడుతుంది అని జవాబు రాశాను.

తొమ్మిదో వారం, పదకొండూ పన్నెండు నిమిషాలకు కెప్టెన్ చచ్చిపోయాడు. గుండె ఆగడం చెవులారా విన్నాను, నోటుబుక్కులో రాసుకున్నాను. శవాన్ని గాజుపెట్టెలో పెట్టి ఓడలోనే మోసుకుపోతున్నారు. చెల్లె ఒప్పుకోదు. కెప్టెన్ గడియారం ఎడమ చేతికి, శవానికి కుడి చేతికి అని దాని వాదన. నాలుగు కార్డుల్లో నచ్చచెప్పాను. కెప్టెన్ చచ్చిన ఐదో వారం అది ఇట్లా రాసింది:

"అక్కా, సచ్చింది ఆయన గాదు. ఆయన బట్టలు తొడిగి ఎవన్నో పండవెట్టిండ్రు. అసలాయన గుట్టలల్ల దాక్కున్నడు. వచ్చే ఆదివారం పదకొండున్నరకు బయటికొస్తడు. నీకేమన్న తెలిస్తే జల్ది రాయి."

ఎన్‌కౌంటర్లు జరుగుతున్న రోజులు. చచ్చిందెవరో తేలక తల్లులు ఆస్పత్రుల ముందు నిలబడే రోజులు. అటువంటి రోజుల్లో, కవరైనా లేకుండా, కార్డు మీద!

ఆ కార్డు నాకు టపాలో రాలేదు. గురువారం మధ్యాహ్నం కానిస్టేబుల్ చేతిలో వచ్చింది. బడిలో పాఠం చెబుతున్న మా ఆయనను స్టేషనుకు తీసుకుపోయారు. నోటుబుక్కు పట్టుకుని వెనకనే పోయాను.

"ఎవరమ్మా సచ్చింది?" అని ఎస్సై అడిగాడు.

"టీవీల కెప్టెన్, సారూ."

"ఏ ఊరు?"

"ఊరు లేదు. చుక్కలల్ల తిరుగుతడు."

"పరాచికాలా? మరి గీ గుట్టలు?"

"గవి గూడ చుక్క మీది గుట్టలే, సారూ."

నోటుబుక్కు చూపిస్తే ఇంకా చెడింది. అందులో అన్నీ తేదీలు, నిమిషాలే. అదీ తీసుకున్నాడు. "ఆదివారం నేనే సూస్త. అప్పటిదాంక మాస్టారు ఈడనే ఉంటడు."

బెంచీ మీంచి మా ఆయన నన్ను ఉరిమి చూశాడు. "గడియారం ఏ చేతికుంటే నీ చెల్లెకేందే?"

ఆదివారం కరెంటు తీయొద్దని ఎస్సై సబ్‌స్టేషనుకు ఫోన్ చేయించాడు. స్టేషన్‌లోనే టీవీ పెట్టించాడు. కెప్టెన్ బయటికొస్తే కార్డు సీరియల్ గురించేనని తేలిపోతుంది. రాకపోతే? నాలుగు కార్డుల్లో వాణ్ని చంపిన నేను, వాడు బతికి రావాలని మొక్కుకున్నాను.

పదకొండున్నర అయింది. రాలేదు. ఓడ తలుపు తీసి గాజుపెట్టెను బయటికి వదిలేశారు. నా మాటే నిజమైంది.

"సార్, గడియారం కుడిచేతికే ఉన్నది," అన్నాడు కానిస్టేబుల్.

"నాకూ కండ్లున్నయి." ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నాకు గా డాక్టరమ్మ మీదనే అనుమానం."

"అవ్ సార్. రెప్ప కొడ్తలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "సారూ, మా ఆయన?"

"తీస్కపోండ్రి, తీస్కపోండ్రి," అన్నాడు, టీవీ మీంచి కళ్లు తీయకుండా.

మరుసటి ఆదివారం నుంచి కరెంటు మళ్లీ పదకొండుంబావుకే పోయేది. జరిగింది విని చెల్లె హడలిపోయింది. ఆ తర్వాత దాని కార్డుల్లో "అందరం క్షేమం" తప్ప ఇంకో మాట లేదు. ఎంత రెచ్చగొట్టినా వాదించలేదు. కెప్టెన్ సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయినవి: నోటుబుక్కు ఒకటి. సిరిసిల్ల కార్డు ఒకటి. మా ఆయన సెలవులు రెండున్నర. చెల్లె తర్వాత పదహారేళ్లు బతికింది. వారానికొకటి చొప్పున, మేము పెట్టుకోని తగువులు ఎనిమిది వందల ముప్పై రెండు.